ఖాజాగూడ బండలకు ఏ షూ కొనాలి?

"ఖాజాగూడ, భువనగిరి బండలు ఎక్కడానికి మెత్తటి షూ కొనాలా, గట్టిదా? క్లైంబింగ్ జిమ్‌లో అందరూ కొక్కెంలా వంగిన షూ తీసుకోమంటున్నారు" అని అడిగారు. మెత్తటిదే తీసుకోండి. కొక్కెం షూ మాత్రం వద్దు.

మెత్తదనం వేరు, వంపు వేరు. మన మీదకు వాలే గోడల్లో కాలివేళ్ళతో పట్టును లాక్కోవడానికి ఆ వంపు పెడతారు. మన గుట్టల్లో లాక్కోవడానికి పట్టే ఉండదు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, పొరలు ఊడి ఊడి గుండ్రంగా మిగిలింది. దాని మీద దొరికేవల్లా గరుకు పలుకులు, అరచేతి మందాన చిన్న చిన్న పల్లాలు. ముంగాలి కింద రబ్బరు బండకు ఎంత మేర ఆనిందన్నదే అక్కడ మిమ్మల్ని నిలబెడుతుంది.

అలాంటి పల్లంలో కాలు పెట్టారనుకోండి. మందపాటి మిడ్‌సోల్ (అడుగు రబ్బరుకూ పాదానికీ మధ్య ఉండే గట్టి పొర) ఉన్న షూ దాని అంచుల మీద పలకలా ఆగిపోతుంది, నడుమంతా ఖాళీ. 3.5 మిల్లీమీటర్ల రబ్బరుతో, సగం దాకానే మిడ్‌సోల్ ఉన్న షూ అయితే పల్లంలోకి దిగి పలుకుల సందుల్లో సర్దుకుంటుంది. జారే ముందు ఇసుక నలిగినట్టు అరికాలికి సన్నగా తెలుస్తుంది కూడా. ఆ క్షణంలో మడమ దించితే రబ్బరు ఇంకాస్త ఆనుతుంది, కాలు ఆగుతుంది. భయంతో మడమ లేపి, ఛాతీ బండకు ఆనించారా, బరువు పాదాల మీద నుంచి తప్పిపోయి జర్రున జారతారు. ఎంత మంచి షూ అయినా అప్పుడు చేసేదేం లేదు.

కొనడానికి వెళ్తూ జేబులో నాలుగు కందిపప్పు బద్దలు వేసుకెళ్ళండి. షూ తొడుక్కుని, నేల మీద, బొటనవేలి కిందకు వచ్చేలా ఒక బద్ద పెట్టి నెమ్మదిగా బరువు వేయండి. అది వేలికి ఏ పక్కనుందో తెలియాలి. తెలియకపోతే ఎంత ఖరీదైనదైనా వదిలేయండి. వేళ్ళు ముడుచుకోకుండా, కొసలు మాత్రం ముందు అంచుకు తగలాలి. మడమ దగ్గర ఖాళీ ఉండకూడదు. లైనింగ్ లేని తోలు వాడేకొద్దీ అర సైజు నుంచి ఒక సైజు దాకా సాగుతుంది, కాబట్టి కొత్తలో బిగుతుగా ఉండాలి. సింథటిక్ పెద్దగా సాగదు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట వేసి చూడండి. ఆన్‌లైన్ సైజు పట్టికలను మాత్రం నమ్మకండి, ఒక కంపెనీ 42 ఇంకో కంపెనీ 41 అవుతుంది.

ఫైవ్ టెన్ మొకాసిమ్ లేసులు, లైనింగ్ లేని తోలు షూ, ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఎర్రది కొంటే రంగు పాదాలకు అంటుతుంది, కంగారు పడకండి. బరువున్నవాళ్ళకు, భువనగిరి కోట బండ మీద గంటలు గడిపేవాళ్ళకు లా స్పోర్టివా మిథోస్ మేలు. మరీ పల్చటి షూతో పిక్కలు పట్టేస్తాయి. స్కార్పా డ్రాగో చాలా మెత్తన, కానీ వంపుది. ఆ డబ్బు జిమ్ గోడల కోసం దాచుకోండి.

ఇంకో మాట. జిమ్ముల్లో అద్దెకిచ్చే షూ ఎక్కువగా మన్నిక కోసం మందంగా, గట్టిగా చేసినవే. అవి వేసుకుని రెండుసార్లు జారి "స్లాబ్ (ఇలా ఏటవాలుగా, నున్నగా ఉండే బండ) నా వల్ల కాదు" అని మానేసేవాళ్ళను చూస్తే నిజంగా బాధేస్తుంది.

షూ కొన్నాక ఎండతో జాగ్రత్త. కాలిన బండ మీద మెత్తటి రబ్బరు ఇంకా మెత్తబడి, నలిగి జారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, బండ చేతికి చల్లగా తగిలే పొద్దుటి పూట ఎక్కండి. కాలు పెట్టే ముందు సోల్‌ను తడిగుడ్డతో తుడిచి, ఆరాక అరచేత్తో రుద్దండి. కీచుమంటే దుమ్ము పోయినట్టే. ఎండలో ఆపిన కారులో షూ వదలొద్దు, జిగురు ఊడుతుంది. స్లాబ్‌లో అరుగుదల అంచున కాదు, బొటనవేలి కింద కనిపిస్తుంది. అక్కడ సోల్ పల్చబడగానే కొత్త రబ్బరు వేయించండి. చిల్లు పడేదాకా ఆగితే పై తోలు కూడా పోతుంది.