కంపెనీ వాటాను కాగితం మీద ఎలా చూపాలి?

ప్రశ్న: మా యూనివర్సిటీ విభాగం, ఒక డ్రిప్ పరికరాల కంపెనీ కలిసి కేంద్ర గ్రాంటుకు దరఖాస్తు చేస్తున్నాం. కంపెనీ డబ్బివ్వదు, యంత్రాలు వాడుకోనిస్తుంది. అది ప్రాజెక్టు ఖర్చులో కంపెనీ వాటాగా చెల్లుతుందా?

జవాబు: పథకం నిబంధనల్లో వస్తురూప వాటాను ఒప్పుకుంటే చెల్లుతుంది. కొన్నిచోట్ల నగదే అడుగుతారు, ముందు అది చూడండి. ‘పూర్తి సహకారం అందిస్తాం’ అనే ఉత్తరం మాత్రం దండగ. కంపెనీ లెటర్‌హెడ్ మీద లెక్క ఉండాలి: టెస్టింగ్ బెంచ్ 200 గంటలు, గంటకు 1,500 చొప్పున 3 లక్షలు, ఆ రేటుకు ఆధారం, సంతకం పెట్టే అధికారం ఉన్నవారి పేరు, హోదా. వాడిన గంటలకు మొదటి రోజు నుంచే లాగ్‌బుక్ రాయండి. ఆడిటర్ అడిగేది అదే.

గ్రాంటును విడి ఖాతాలో ఉంచితే లెక్క తేలిక. దానిపై వచ్చిన వడ్డీ మీది కాదు, భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు, కట్టాలి. గ్రాంటును దేనికి ఖర్చు పెట్టారో చూపే వినియోగ ధ్రువపత్రం జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు) 12-ఏ నమూనాలో ఇవ్వాలి. అది ఆలస్యమైతే తర్వాతి విడత ఆగుతుంది, పాపం, రీసెర్చ్ స్కాలర్ల జీతాలూ ఆగుతాయి.

పేటెంటు ఎవరిదో డబ్బు రాకముందే ఒప్పందంలో రాసుకోండి. పేపరు అచ్చుకు పంపేముందే పేటెంటు దరఖాస్తు పడాలి.