స్కూల్ అయ్యేదాకా ఆగకు

అమ్మాయ్,

బాబుకి పదహారు నిండాయి, స్కూల్ అయ్యాక వాడి సంగతేంటి పెద్దమ్మా అని నువ్వు ఫోన్‌లో అడిగిన దగ్గర్నుంచి నాకూ అదే ఆలోచన. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి ఇన్నేళ్లు పని నేర్పినదాన్ని కాబట్టి చెబుతున్నా, స్కూల్ అయ్యాక చూద్దాంలే అనుకోకు. ఇప్పుడే మొదలుపెట్టు.

ముందు పనికి వెళ్లే దారి నేర్పు. మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. అంకెలు రావు. పన్నెండు గుంటలున్న ట్రే ఇచ్చాం. గుంటకో లడ్డూ పెట్టేవాడు, ట్రే నిండగానే బాక్సులోకి సర్దేవాడు. ఒక్కటి కూడా తేడా వచ్చేది కాదు. స్వీట్ షాపులో పని దొరికింది. నెల తిరక్కుండా మానేశాడు. ఒకరోజు వాడు ఎక్కే బస్సు రాలేదు. ఇంకో నంబరు బస్సు కూడా అటే వెళ్తుందని మేం వాడికి నేర్పలేదు. సాయంత్రం దాకా స్టాపులోనే నిలబడ్డాడు. మర్నాడు ఇల్లు కదలనన్నాడు. అది నా తప్పు, ఇప్పటికీ బాధే.

అందుకే బాబుని రోజూ ఒకే టైముకి బస్సెక్కించు. మొదట పక్కన కూర్చో, తర్వాత రెండు సీట్లు వెనక కూర్చో, ఆ తర్వాత దిగే స్టాపులో ఎదురుచూడు. టికెట్ డబ్బులు వాడే ఇవ్వాలి. బస్సు రాకపోతే ఎవర్ని అడగాలో ఇప్పుడే అలవాటు చెయ్యి.

ఏ పని సరిపోతుందో నువ్వే తేల్చెయ్యకు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం ఎన్ఐఈపీఐడీ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడికి తీసుకెళ్లి అడుగు. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ సిద్ధంగా ఉంచు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 1 శాతం ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటివి ఉన్నవాళ్లందరికీ కలిపి. దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. పద్దెనిమిది నిండాక వాడి తరఫున నిర్ణయాలు తీసుకోడానికి లీగల్ గార్డియన్ అవసరమవుతుందేమో కనుక్కో. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో కలెక్టర్ ఉండే కమిటీకి అప్లై చెయ్యాలి.

పని దొరికితే యజమానిని జాలి చూపించమని అడగొద్దు. మొదటి కొన్ని వారాలు నేర్పేవాళ్లు పక్కన ఉండనివ్వమను, పని చెప్పేది ఎప్పుడూ ఒక్కరే అయ్యేలా చూడమను, చేసే వరుస బొమ్మల్లో గోడకి అంటించమను. జీతం వాడి చేతికే ఇమ్మను.

ఆదివారం వస్తున్నా. చిల్లర తీసి ఉంచు, ముగ్గురం బస్టాపుకి వెళ్దాం.

మీ పెద్దమ్మ