పాలు పడవు, పెరుగు పడుతుంది... ఎందుకని?

ప్రశ్న: నమస్తే అండీ. నలభై దాటినప్పట్నుంచి గ్లాసు పాలు తాగితే చాలు, గంటలోపే కడుపు ఉబ్బిపోయి గుడగుడలాడుతోంది, ఒక్కోసారి బాత్రూమ్‌కి పరిగెత్తాల్సొస్తోంది. పెరుగు మాత్రం రోజూ తింటా, ఏమీ అవదు. అదీ పాలదే కదా? మా ఆవిడేమో పాలు బాగా మరిగించి నీళ్లు కలిపి తాగమంటోంది. నెయ్యి కూడా మానేయాలా?

జవాబు: మీరు చెప్పింది చూస్తే లాక్టోజ్ పడకపోవడంలాగే ఉందండీ. లాక్టోజ్ అంటే పాలల్లో ఉండే చక్కెర, లాక్టేజ్ అంటే దాన్ని కోసే కత్తెర, పేర్లు ఒకేలా ఉండి చాలామంది తికమకపడతారు. 250 మి.లీ. పాలల్లో ఈ చక్కెర సుమారు 12 గ్రాములుంటుంది. ఇందులో గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు అతుక్కుని ఉంటాయి, విడగొడితే గానీ ఒంటికి పట్టవు, ఆ విడగొట్టే ఎంజైమే మనం చెప్పుకున్న లాక్టేజ్ కత్తెర, అది చిన్నపేగు గోడల్లో ఉంటుంది, పసితనంలో పుష్కలంగా ఉండి పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సగం పైనే ఇలాంటోళ్లు, కాబట్టి ఇదేదో మీకొక్కరికే వచ్చిన రోగం అనుకోకండి. విడిపోని చక్కెర పెద్దపేగులోకి జారిపోతే అక్కడి బ్యాక్టీరియాకి పండగే, అవి దాన్ని పులియబెట్టి గ్యాస్ వదుల్తాయి, ఆ చక్కెర నీళ్లని కూడా పేగులోకి లాగుతుంది. మీ గుడగుడ, ఆ పరుగు రెండూ అందుకే.

ఇక పెరుగు సంగతి. తోడు వేశాక అందులోని బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ని తినేసి పులుపు చేస్తాయి, మొత్తం కాదు, చాలావరకు మిగిలే ఉంటుంది. అసలు కిటుకు ఏంటంటే ఆ బ్యాక్టీరియా దగ్గర కూడా ఇలాంటి కత్తెరే ఉంటుంది, అవి పెరుగుతో పాటు మీ పేగులోకెళ్లి మీ బదులు పని చేసిపెడతాయి. పైగా పెరుగు చిక్కగా ఉండి మెల్లగా దిగుతుంది. వేడిచేస్తే మాత్రం అవి చచ్చిపోతాయి, అప్పుడు ఈ లాభం ఉండదు.

మీ ఆవిడ చెప్పినదాంట్లో సగమే కరెక్టు (ఈ మాట ఇంట్లో మీరు చెప్పకండి). మరిగిస్తే లాక్టోజ్ పోదు, మరీ చిక్కబెడితే గ్లాసుకి ఇంకా ఎక్కువవుతుంది కూడా. నీళ్లు కలిపితే ఆ గ్లాసులో పాలు తగ్గుతాయి కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది అంతే. వెన్న తీసిన పాలల్లోనూ లాక్టోజ్ అంతే ఉంటుంది. నెయ్యి హాయిగా తినండి, వెన్న కాచేటప్పుడు అడుగున మిగిలే గసిలోనే ఆ కాస్తా పోతుంది.

పాలు పూర్తిగా మానక్కర్లేదు, అరగ్లాసుతో మొదలుపెట్టి భోజనంతో పాటు తాగి చూడండి, ఎంతవరకు పడుతుందో మీ కడుపే చెప్తుంది. దద్దుర్లు, ఆయాసం వస్తే అది లాక్టోజ్ కాదు, పాల ప్రొటీన్‌తో వచ్చే ఎలర్జీ కావచ్చు, అప్పుడీ అరగ్లాసు ప్రయోగాలు వద్దు. బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే డాక్టర్ని కలవండి. లాక్టోజ్ ఫ్రీ పాలు కొంటే కాస్త తియ్యగా ఉంటాయి, పంచదార కలిపారని గొడవపడకండి, ఆ గ్లూకోజ్, గాలక్టోజ్ జంటని ముందే విడగొట్టేస్తారు, విడివిడిగా ఉంటే ఆ రెండూ ఎక్కువ తీపి.