నడిమి గోడ పగిలితే ముందు గుంత పూడకుండా చూసుకోండి

మిర్యాలగూడలో పక్కింటివాళ్లు పిల్లర్ల గుంతలు తవ్వడంతో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న నడిమి గోడ పగిలి ఒరిగిందని, స్టేషన్‌కు పోతే "సివిల్ మ్యాటర్" అని పంపించేశారని మీరు రాశారు. నల్లగొండలో మాకూ ఇదే లొల్లి అయింది. పోలీసుల మాట పూర్తిగా తప్పు కాదు. కావాలని కూలగొడితే క్రిమినల్ కేసు అవుతుంది, అజాగ్రత్తగా తవ్వితే పైసలు ఇప్పించేది సివిల్ కోర్టే.

అన్నిటికంటే ముందు సాక్ష్యం. కాంక్రీటు పోసి మట్టి పూడ్చేశాక ఎంత లోతు తవ్వారో, మీ పునాదికి ఎంత దగ్గరకు వచ్చారో తేల్చడం కష్టం, అందుకే పూడ్చకముందే ఫొటోలు తీసుకోండి. మా మేస్త్రీ పగులుకు అడ్డంగా సన్నటి సిమెంటు పట్టీ వేసి, పచ్చిగా ఉండగానే మేకుతో తేదీ గీశాడు. కొన్ని రోజులకే పట్టీ నెర్రెలిచ్చింది, అంటే పగులు ఇంకా పెరుగుతోందన్నమాట. దాన్ని ఫొటో తీశాం. "అది పాత పగులే" అంటున్న పక్కాయన ఆ ఫొటో చూశాక మాట మార్చాడు.

మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ వాళ్లకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పర్మిషన్ ప్లాన్ కాపీ సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ జాగా) వదలకుండా కడుతుంటే మున్సిపాలిటీ వాళ్లు చర్య తీసుకోవచ్చు. మీ గోడ ఖర్చు మాత్రం వాళ్లు ఇప్పించరు, అక్కడే తిరుగుతూ కూర్చోకండి.

లాయర్ నోటీసు పంపి, పని ఆగకపోతే వెంటనే దావా వేయండి. దాంతోపాటే రెండు పిటిషన్లు వేయించండి: సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు), ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు తరఫున వచ్చి చూసే లాయర్). చాలామంది మొదటిది వేసి రెండోది వదిలేస్తారు. నన్నడిగితే అసలు బలం రెండోదే. కమిషనర్ స్వయంగా వచ్చి టేపు పెట్టి కొలిచి, ఫొటోలతో రిపోర్టు ఇస్తే అది కోర్టు రికార్డులో ఉంటుంది. వీలైతే ఇంజనీర్‌ను కూడా వెంట తెమ్మని అడగండి.

లాయర్ ఫీజు టెన్షన్ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఉంది. ఇంట్లో ఆడవాళ్ల పేరు మీద రిజిస్ట్రేషన్ ఉంటే అది గుర్తుంచుకోండి.

మాది చివరికి లోక్ అదాలత్‌లో (కేసులను రాజీతో తేల్చే వేదిక) రాజీ అయింది, కోర్టు ఫీజు వాపసు వచ్చింది. అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకానికి ముందు గోడ ఎవరు కట్టాలి, ఎప్పటిలోగా, ఎంత మందం, పునాది ఎంత లోతు అన్నీ రాయించుకోండి. గోడ ఇకపైనా ఇద్దరిదీ అన్న మాట కూడా అందులోనే ఉండాలి.