తిరుపతి క్యాంపస్‌లో నమాజుకు చోటు అడగవచ్చా?

మీ చెల్లెలికి తిరుపతిలో పీజీ సీటు వచ్చిందని, క్యాంపస్‌లో నమాజు చదువుకోవడానికి చోటు అడిగితే గొడవవుతుందేమోనని రాశారు. అడగవచ్చు. మాది మదనపల్లె. నేనూ తిరుపతిలోనే హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చేశాను. యూనివర్సిటీ పేరు వద్దులెండి.

ముందు ఆ భయం సంగతి. తిరుపతి అనేసరికి మనవాళ్లకు గొంతు తగ్గిపోతుంది. తిరుమలలో వేరే మత ప్రచారం కూడదని 2007లో చట్టం వచ్చింది నిజమే. అది కొండ సంగతి, అదీ ప్రచారం సంగతి. కింద క్యాంపస్‌లో ఓ పిల్ల ఓ మూల నిలబడి నమాజు చదువుకోవడానికి దానితో ఏ సంబంధమూ లేదు. అయితే కాలేజీ ఎవరిదో చూసుకోండి. ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ లాంటివి టీటీడీ నడిపేవి, అక్కడ లెక్క వేరు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, ఐఐటీ, ఐసర్ ప్రభుత్వానివి. నేను చెప్పేది ఇలాంటి చోట్లకే పనికొస్తుంది.

ఇంకోటి కూడా తెలిసుండాలి. నమాజుకు గది ఇచ్చి తీరాలని యూనివర్సిటీకి చెప్పే చట్టం లేదు. పైగా 1994లో ఇస్మాయిల్ ఫారూఖీ కేసులో సుప్రీంకోర్టు నమాజు ఎక్కడైనా, ఆరుబయటైనా చదువుకోవచ్చని అంది. కాస్త చదువుకున్న అధికారి ఎవరైనా ముందు ఇదే తీస్తారు. మా డిపార్ట్‌మెంట్‌లో మాకు దొరికిన చోటు మేడ మెట్ల పైన, టెర్రస్ తలుపు ముందు. విరిగిన బెంచీలు, పాత ఆన్సర్ షీట్ల కట్టలు పక్కకు నెట్టి జానిమాజ్ (నమాజు చాప) పరిస్తే ఒక అంచు గోడెక్కేది. ఇక్కడ కిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పాల్సిన మక్కా దిక్కు, పడమరకు, కాస్త వాయవ్యంగా. నిలబడితే శేషాచలం కొండలు కుడిచేతి వైపు. కింద ఎవరి చెప్పుల చప్పుడైనా వినపడితే నుదురు నేలకానించి సజ్దాలో ఉండగానే టెన్షన్.

మగపిల్లలకు ఇంత బాధ లేదు. శుక్రవారం బైకేసుకుని ఊళ్లో మసీదుకు పోయి జుమ్మా చదివి వస్తారు. మన వైపు చాలా మసీదుల్లో ఆడవాళ్లకు చోటే ఉండదు. కాబట్టి క్యాంపస్‌లో చోటన్నది ముందు ఆడపిల్లల అవసరం. దరఖాస్తులో మొదటి వాక్యంగా ఇదే రాయమనండి. మన పెద్దలు ఎవరూ దీని గురించి నోరు విప్పగా నేను వినలేదు, అది వేరే కథ.

మా ముందు సీనియర్లు నమాజు గది కావాలని లెటర్ పెడితే, ఒకరికిస్తే అందరూ అడుగుతారని ఫైల్లో పడేశారు. మేం ఆ మాటే పట్టుకున్నాం. మా క్యాంపస్‌లో అయ్యప్ప మాల వేసుకున్న అబ్బాయిలకు హాస్టల్లో విడిగా వంట, పూజకు ఓ గది ఇచ్చేవాళ్లు. చక్కగా జరిగేది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ ఏర్పాటునే ఉదాహరణగా చూపి, ఏ మతం పిల్లలైనా వాడుకునేలా రీడింగ్ రూమ్ పక్కనున్న స్టోర్ గది ఇమ్మన్నాం. ఇద్దరు క్రైస్తవ అమ్మాయిలు, ధ్యానం చేసుకునే ఓ తెలుగు రీసెర్చ్ స్కాలరక్క కూడా సంతకం పెట్టారు. మాట్లాడ్డానికి పిలిచినప్పుడు ఒకాయన బీబీ నాంచారి కథ ఎత్తుకున్నారు, ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్లే సంగతీ చెప్పారు. మంచి మాటలే. గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది సార్ అంటే మాత్రం మాట మార్చారు.

చివరికి ఇచ్చారు. బొమ్మలు, పోస్టర్లు పెట్టకూడదు, మీటింగులు పెట్టకూడదు, తాళం వాచ్‌మన్ దగ్గర, రిజిస్టర్లో సంతకం. అన్నీ ఒప్పుకోదగ్గవే. పరీక్షలప్పుడు ఆ గదికి కునుకు తీయడానికి వచ్చేవాళ్లే ఎక్కువ, అదీ మంచికే అయింది. అది ఫలానా వాళ్ల గది అన్న ముద్ర పడలేదు.

ప్రభుత్వ సంస్థలో మత బోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది కదా అని ఎవరైనా అడ్డుపుల్ల వేస్తే, ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకోవడం బోధన కాదని చెప్పమనండి. ఒక మతం వాళ్లకు ఇచ్చిన సౌకర్యం ఇంకొకరికి కాదంటే అది 15వ అధికరణం కిందికొచ్చే ప్రశ్న. మత వివక్ష మీద ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి యూనివర్సిటీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలని 2012 యూజీసీ నిబంధనల్లో ఉంది. అయితే మొదటి రోజే ఇవన్నీ తీస్తే అవతలివాళ్లు బిగుసుకుపోతారు. దరఖాస్తు కాపీ మీద ఆఫీసుకు అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని ఊరుకుంటే చాలు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి. క్యాంపస్‌లో చిరాకులు నమాజుతో రావు, వజూతో, అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడంతో, వస్తాయి. వాష్‌బేసిన్‌లో కాలు పెట్టి కడిగితే చూసేవాళ్లకు ఎబ్బెట్టు, నేలంతా నీళ్లు, తుడిచే ఆయమ్మకు రెండింతల పని. ఆమె కోప్పడటంలో తప్పేం లేదు. బాత్రూంలో కింది కుళాయి దగ్గర మగ్గుతో కానిచ్చి, కాళ్లు తుడుచుకుని బయటికి రావాలి. గది అడిగినా అలాంటి కుళాయి దగ్గర్లో ఉన్నదే అడగాలి.

టైముల గురించి బెంగ వద్దు. మధ్యాహ్నం నమాజు జుహర్ లంచ్ బ్రేక్‌లో అయిపోతుంది, సాయంత్రం అసర్‌కు దాదాపు క్లాసులు వదిలేస్తారు, తెల్లవారుజామున ఫజర్, రాత్రి ఇషా హాస్టల్లోనే. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు గంట ముందు వెళ్లేలా ప్రభుత్వమే వెసులుబాటు ఇస్తుంది కాబట్టి, సాయంత్రం ల్యాబులు పొద్దున బ్యాచ్‌కు మార్చమని అడిగితే మేడమ్‌లు సాధారణంగా కాదనరు. చిక్కంతా పొద్దు గూకగానే చదివే మగ్రిబ్‌తోనే. చలికాలంలో ఐదుంముప్పావుకల్లా పొద్దు గూకుతుంది, వ్యవధి తక్కువ, ఆపాటికి డిపార్ట్‌మెంట్లకు తాళాలు పడిపోతాయి. అందుకని గది డిపార్ట్‌మెంట్‌లో కాకుండా హాస్టల్ బ్లాకులోనే అడగమనండి.