నాన్న గురించి నిజం రాయమంటారా?

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలో హవల్దారుగా చేసి, పదవీ విరమణ తర్వాత సైకాలజీ చదివి, గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా కౌన్సెలింగ్ చేశారు. లేనివాళ్ల దగ్గర పైసా తీసుకోలేదు. వచ్చే నెల సంవత్సరీకం. ఆయన దగ్గర కోలుకున్నవాళ్లు సంస్మరణ సంచిక వేస్తూ నన్నూ వ్యాసం రాయమన్నారు. ఊరందరి గోడూ ఓపిగ్గా విన్న మనిషి ఇంట్లో మాతో పది మాటలు మాట్లాడేవారు కాదు. శ్రీలంక నుంచి వచ్చాక దీపావళి నాడు గదిలో తలుపులు వేసుకుని కూర్చునేవారు. అమ్మ మమ్మల్ని ఆయన దగ్గరికి పోనిచ్చేది కాదు. తనూ అంతంతమాత్రమే. ఆయన్ను నిద్ర లేపాలన్నా చేత్తో తట్టేది కాదు, గుమ్మంలో నిలబడి గరిటెతో తలుపు మీద కొట్టేది. ఇప్పుడు అసలు సంచికే వద్దంటోంది. తనకివేవీ తెలియవు. పింఛను, బ్యాంకు పనులు అన్నయ్య చూస్తున్నాడు. నేను ఉన్నదున్నట్టు రాయాలా, మంచి మాత్రమే రాయాలా? నాన్న కేసుల నోటు పుస్తకాల్లోంచి కొన్ని సంచికలో వేయవచ్చా?
- ఒక కుమార్తె, లబ్బీపేట, విజయవాడ

జవాబు: నోటు పుస్తకాల సంగతి ముందు తేల్చేస్తానమ్మా. వేయకూడదు. పేర్లు మార్చినా వేయకూడదు. బ్రాడీపేటలో ఒకరి కథ పేరు మార్చి అచ్చేస్తే అరండల్‌పేటలో పోల్చుకునేవాళ్లు ఉంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగానే రాసింది. చట్టం అటుంచండి, ఆ మనుషులు తలుపు వేసి ఉందన్న ధైర్యంతో మీ నాన్నగారికి చెప్పుకున్న మాటలవి. ఆయన పోయారని అవి వారసులకు ఆస్తిగా రావు. కట్టగట్టి తాళం వేయండి. సంచిక కమిటీ పెద్దలు ఎంత మంచివాళ్లయినా చూపించకండి.

ఇక నిజం రాయాలా, మంచి రాయాలా అన్నది. దీన్ని పట్టుకుని మీరెందుకు నలిగిపోతున్నారో నాకు అర్థం కాలేదు. రెండూ నిజమే కదా. బయటివాళ్ల కష్టం వినడానికి ఒక గంట ఉంటుంది, గంట కాగానే వాళ్లు లేచి వెళ్లిపోతారు. ఇంట్లోవాళ్లు వెళ్లరు. ఆయనకు అపరిచితుల ముందు ఉన్న నిబ్బరం సొంత పిల్లల ముందు లేకపోవడంలో నటన ఏమీ లేదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఇది నేను తరచుగా చూసేదే.

నాన్న మీద కోపంతో ఉత్తరం రాశాననుకుంటున్నారు మీరు. నాకు అందులో కనిపించింది అమ్మ మీద కోపం.

ఆ గరిటె దగ్గర నేను ఆగిపోయాను. ఆమెకు ప్రేమ లేదనడానికి సాక్ష్యంగా రాశారు దాన్ని. యుద్ధం నుంచి వచ్చి పీడకలలతో ఉలిక్కిపడే మనిషిని భుజం పట్టి కుదపవద్దు, దూరంగా నిలబడి చప్పుడుతోనో పిలుపుతోనో లేపండి అని ఇప్పుడు మేము భార్యలను కూర్చోబెట్టి చెబుతున్నాం. ఆ మగతలో ఎదుట ఉన్నది ఎవరో తెలియదు. చెయ్యి విసురుతారు, ఒక్కోసారి గొంతు పట్టుకుంటారు. మీ అమ్మకు ఇది ఎవరు చెప్పి ఉంటారు? మొదట్లో ఆమె కూడా చేత్తోనే తట్టి ఉంటుంది. ఆ తర్వాతే గరిటె వచ్చి ఉంటుంది. భర్తను పేరు పెట్టి పిలిచే అలవాటు ఆ తరం ఆడవాళ్లకు లేదు. ‘ఏమండీ’ అంటే ఆ నిద్రలోకి వినపడదు.

మన సైన్యం 1987 జూలైలో ఆ దేశంతో కుదిరిన ఒప్పందం మేరకు శాంతి సేన పేరుతో శ్రీలంక వెళ్లింది. 1990 మార్చిలో ఆఖరి బృందం తిరిగొచ్చేనాటికి దాదాపు 1,200 మంది మన జవాన్ల ప్రాణాలు పోయాయి. ఆ ఆఖరి బృందానికి మద్రాసులో స్వాగతం చెప్పడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కూడా వెళ్లలేదు. గెలిచామని చెప్పుకోవడానికి లేదు, ఓడామని ఏడవడానికీ లేదు. అలాంటి చోటు నుంచి వచ్చిన మనిషికి సీమటపాకాయ చప్పుడు పండగలా ఎలా వినిపిస్తుంది? యుద్ధంలాంటి ఘోరాలు చూసిన మనసుకు పట్టే ఆ జబ్బుకు పీటీఎస్‌డీ అని పేరు పెట్టి అమెరికా మానసిక వైద్యులు తమ వర్గీకరణ గ్రంథంలో చేర్చిందే 1980లో. మన జిల్లాల్లో ఓ హవల్దారు ఇంటిదాకా ఆ మాట రావడానికి ఎంతకాలం పట్టి ఉంటుందో ఊహించుకోండి. మీ నాన్నగారు తర్వాత పుస్తకాల్లో చదువుకున్నది మీ అమ్మ అప్పటికే ఇంట్లో చేస్తోంది.

మిమ్మల్ని ఆయన దగ్గరికి పోనివ్వకపోవడం కూడా అందులో భాగమే. ఆమె చేసిందంతా సరైనదని నేను అనను. కాస్త ఊహ తెలిశాకైనా పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పనందువల్ల మీకు తండ్రి సగమే దక్కాడు. ఆ నష్టాన్ని తక్కువ చేయను. కానీ అందుకు ఆమె మీద తీర్పు రాసి అచ్చు వేయించే ముందు ఆమె వాంగ్మూలం తీసుకోవద్దూ?

ఊళ్లో పేరున్న కౌన్సెలర్ల భార్యలను చాలామందిని ఎరుగుదును. వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్లకు మజ్జిగ ఇచ్చేదీ, ఏడ్చి బయటికి వచ్చినవాళ్లకు ముఖం కడుక్కోవడానికి చెంబు అందించేదీ వాళ్లే. సంచికల్లో మాత్రం ఆఖరి పేజీలో ‘ధర్మపత్నితో’ అని ఒక ఫొటో. ఉచితంగా చూశారని ఆయన్ను పొగుడుతున్నారు కదా, ఆ ఉచితం ఏ వంటింటి ఖర్చులోంచి వచ్చిందో కూడా ఎవరైనా రాయాలి. ‘తనకివేవీ తెలియవు’ అన్న వాక్యం మాత్రం మనసులోంచి కొట్టేయండి. ఆమెకు అన్నీ తెలుసు కాబట్టే సంచిక వద్దంటోంది. ఆ రాత్రులు ఊరి నోట పడతాయేమోనని భయం. ఆ రాత్రుల మీద హక్కు ఆమెదే. వద్దంటే వద్దు.

మీరు అడగకపోయినా ఇంకొకటి. అన్నయ్య మంచివాడే కావచ్చు. కానీ ఏటా జీవన ప్రమాణ పత్రం కోసం ‘నేను బతికే ఉన్నాను’ అని వేలిముద్ర వేసేది అమ్మ, డబ్బు లెక్క చూసేది కొడుకా? కుటుంబ పింఛను ఆమె పేరిట వచ్చే డబ్బు. బ్యాంకు కార్డు, పింఛను కాగితాలు, మాజీ సైనికుల ఆరోగ్య పథకం కార్డు ఆమె బీరువాలో ఉండాలి. అన్నయ్య తోడు వెళ్లవచ్చు, సాయం చేయవచ్చు. కాగితాల్లో ఏదైనా పేచీ ఉంటే గుంటూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, ఆమెనే వెంటబెట్టుకుని వెళ్లండి. అన్నయ్య నొచ్చుకుంటే నొచ్చుకుంటాడు.

విజయవాడ నుంచి గుంటూరు ఎంత దూరమని? సంవత్సరీకం నాడు చుట్టాల మధ్య కాకుండా, ముందే ఓ మామూలు రోజు వెళ్లండి. పిల్లలను తీసుకెళ్లకండి. ఫోనులో రికార్డు చేయకండి. వెళ్లగానే సంచిక ఊసు ఎత్తకండి. వంటింట్లో ఆమె పక్కన పీట వేసుకుని, నాన్నను గరిటెతో ఎందుకు లేపేదానివని అడగండి. కసురుకోవచ్చు, ‘ఇప్పుడెందుకే అవన్నీ’ అనవచ్చు. లేచి రాకండి, చిక్కుడుకాయలు ఒలుస్తూ అక్కడే కూర్చోండి. ఆమె చెప్పినదాంట్లో ఏది రాయవచ్చో ఆమెనే అడిగి, అంతే రాయండి. ఒక పేరా వచ్చినా చాలు.

సంచిక కమిటీకి ఈరోజే ఫోను చేసి గడువు ఇంకో పది రోజులు ఇమ్మనండి. కుదరదంటే మీ వ్యాసం లేకుండానే వేసుకోమనండి.