మురుగునీటి ఉద్యోగమా అని ముఖం చిట్లించే ముందు

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసింది. సోలార్ సెల్స్ తయారుచేసే కంపెనీలో, వ్యర్థజలాల నుంచి ఫ్లోరైడ్ తీసే ప్లాంటులో ట్రెయినీగా ఉద్యోగం వచ్చింది. అది వదిలేసి హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నాం. ఏది మేలు?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అయ్యా, ఏది మేలని అడిగారు గానీ మీ బెంగంతా బంధువులకు ఏం చెప్పుకోవాలన్నదే. విజయవాడ, గుంటూరు తల్లిదండ్రుల దగ్గర ఏటా వింటున్న బెంగే ఇది. ఇంత రాసిన మీరు అమ్మాయికి ఏది ఇష్టమో మాత్రం రాయలేదు. అడిగారా అసలు?

ఆ ప్లాంటులో పనేమిటో చెబుతాను. సోలార్ సెల్ తయారీలో సిలికాన్ పలకలను హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో శుభ్రం చేస్తారు. ఆ నీళ్లలో సున్నం వేస్తే ఫ్లోరైడ్ కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. అయితే ఎంత సున్నం పోసినా నీళ్లలో మిగిలే ఫ్లోరైడ్ సాధారణంగా లీటరుకు 10, 15 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. వాగులోకో కాలువలోకో వదలాలంటే నిబంధన 2 మిల్లీగ్రాములు. మిగిలింది తీయడానికి పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల-క్షార స్థాయిని, 6–7 మధ్యకు దించి పటిక వేయాలి. ఎక్కువేస్తే మడ్డి పెరుగుతుంది, తక్కువేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది. పైగా నీళ్లు రోజూ ఒకేలా రావు. అందుకే వరసగా బీకర్లు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు వేసి తిప్పుతారు. మడ్డి దిగాక పైతేట తీసి, అందులోని ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్‌తో కొలిచి, ఎంత వేయాలో తేలుస్తారు. జార్ టెస్ట్ అంటే అదే. ఫ్లోరైడ్ నీళ్లతో అల్లాడిన నల్గొండ గోడు విన్న తెలుగువాళ్లం, ఇలాంటి పనిని మనమే చిన్నచూపు చూస్తే ఎలా?

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు. కొద్ది నెలల సర్టిఫికెట్ మీదే నమ్మకం లేదు. గణితం, ప్రోగ్రామింగ్ మీద మక్కువ ఉన్నవాళ్లు ఎక్కడున్నా నేర్చుకుంటారు. పక్కింటి అబ్బాయి చేరాడని చేరినవాళ్లు, కోర్సువాళ్లు ఇచ్చిన ప్రాజెక్టునే పట్టుకుని ఇంటర్వ్యూలకు తిరగడం చాలా చూశాను. అమ్మాయికి నిజంగా ఆసక్తి పుడితే ఆ ప్లాంటు రీడింగులతోనే మొదలుపెట్టొచ్చు. అప్పు చేసి ఫీజు కట్టనక్కర్లేదు.

జీతం మొదట్లో తక్కువే ఉండొచ్చు, దానికి టెన్షన్ పడకండి. అనుభవం వచ్చాక ఫార్మా, ఎరువులు, స్టీలు పరిశ్రమల్లోనూ ఈ పని ఉంటుంది. చదువుకుంటానంటే గేట్‌లో పర్యావరణ ఇంజినీరింగ్ పేపర్ ఉంది.

మీరు భయపడాల్సింది మాత్రం ఒకటుంది, దాన్ని మీరు అడగలేదు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మం మీద పడితే లోపలికి దిగి ఎముకదాకా దెబ్బతీస్తుంది. ఆ గాయానికి వెంటనే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ప్లాంటులో చేతికందేలా ఉంచుతారా, ట్రెయినీలకు ముందుగా భద్రతా శిక్షణ ఇస్తారా, రాత్రి షిఫ్టు ఉంటే ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిది? ఈ మూడూ అమ్మాయి చేతే హెచ్ఆర్‌ను అడిగించండి. సూటిగా జవాబు చెప్పకపోతే చేరొద్దని నేనే అంటాను. చెప్పి, అమ్మాయికీ ఇష్టమైతే, మీరే దగ్గరుండి చేర్పించి రండి.